లెక్కల టీచరమ్మకు ఉత్తరాలు: నాలుగు పక్కలూ కొలిస్తే స్థలం తేలుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జామెట్రీ మీదే. పదో తరగతి వాళ్ళకు సరూప త్రిభుజాలు, స్పర్శరేఖలు నడుస్తున్నట్టున్నాయి. పెద్దవాళ్ళేమో స్థలాల లెక్కలు పట్టుకొచ్చారు. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగితే కలిపి జవాబిచ్చాను.

ప్రశ్న: టీచర్, నాకు లెక్కలంటే భయం లేదు. కానీ సిద్ధాంతాల నిరూపణలు ఎంత బట్టీ పట్టినా పరీక్షలో మధ్యలో ఆగిపోతున్నాను. ఒక్క లైను గుర్తు రాకపోతే ఇక అంతే, టెన్షన్. మా సార్ చూడకుండా పదిసార్లు రాయమంటారు. వేరే దారి లేదా?
పదో తరగతి విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: ఉంది తల్లీ. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు ముక్కలుగా రాస్తావు కదా. దత్తాంశం అంటే ఇచ్చినది, సారాంశం అంటే నిరూపించాల్సింది, రెండూ ప్రశ్నలోనే ఉంటాయి. ఉపపత్తి, అంటే నిరూపణ, పటం చూసి రాయొచ్చు. గుర్తుపెట్టుకోవాల్సింది నిర్మాణం ఒక్కటే, అంటే ప్రశ్నలో లేని గీత మనం ఎక్కడ గీస్తున్నాం అన్నది.

ఉదాహరణకు, బయటి బిందువు నుంచి వృత్తానికి గీసిన రెండు స్పర్శరేఖల పొడవులు సమానమని నిరూపించాలి. వృత్తకేంద్రం ఓ, బయటి బిందువు పీ, స్పర్శరేఖలు వృత్తాన్ని తాకే చోట్లు ఏ, బీ అనుకో. ఈ పటాన్ని గంటసేపు చూసినా ఏమీ తోచదు. అందులో త్రిభుజమే లేదు మరి. ఇప్పుడు ఓఏ, ఓబీ, ఓపీ కలుపు. రెండు త్రిభుజాలు వచ్చాయి. వాటిలో ఏవేవి సమానమో ఒక్కొక్కటే వేలు పెట్టి చూడు. ఓఏ, ఓబీ వ్యాసార్ధాలు, కాబట్టి సమానం. ఓపీ రెండింటికీ ఉమ్మడి. వ్యాసార్ధం స్పర్శరేఖకు లంబం కాబట్టి ఏ దగ్గరా బీ దగ్గరా లంబకోణాలే. లంబకోణం, కర్ణం, భుజం మూడూ దొరికాయి. అంటే లం.క.భు. నియమం ప్రకారం త్రిభుజాలు సర్వసమానాలు, పీఏ, పీబీ సమానం. ఇందులో నువ్వు బట్టీ పట్టాల్సింది ఏముంది చెప్పు?

పైథాగరస్ సిద్ధాంతంలో లంబకోణం ఉన్న మూల నుంచి కర్ణం మీదికి లంబం దించాలి. అంతే, మూడు సరూప త్రిభుజాలు బయటపడతాయి. ప్రాథమిక అనుపాత సిద్ధాంతంలో, అంటే ఏబీసీ త్రిభుజంలో బీసీకి సమాంతరంగా గీసిన డీఈ మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో కోస్తుందనే దానిలో, బీఈ, సీడీ కలిపి, ఎత్తులు గీసి, వైశాల్యాలు పోల్చాలి. చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టుకో. ఒక్కో పేజీలో ఒక్కో సిద్ధాంతం పటం మాత్రమే ఉండాలి, మనం అదనంగా గీసిన గీత ఎర్ర పెన్నుతో ఉండాలి. పరీక్ష ముందు రోజు ఆ బుక్కు తిరగేస్తే చాలు.

ఇంకో మాట. ‘పటంలో సమానంగానే కనిపిస్తున్నాయి’ అని రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్ళ కోసమే నేను బోర్డు మీద పటాన్ని కావాలని వంకరగా గీసేదాన్ని. సమద్విబాహు త్రిభుజం అని చెప్పి ఒక భుజం జానెడు, ఇంకొకటి మూరెడు. పిల్లలు గొల్లుమనేవాళ్ళు. కానీ ఆ పటం మీద రాసిన నిరూపణలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. కంటికి ఏం కనిపిస్తోందన్నది కాదు, మనకు ఏం ఇచ్చారన్నదే లెక్క.

ప్రశ్న: మా ఊళ్ళో రోడ్డు పక్కన ఒక ఖాళీ స్థలం బేరమాడుతున్నాను. నాలుగు పక్కలూ టేపుతో కొలిస్తే వరసగా 40, 60, 50, 70 అడుగులు వచ్చాయి. మధ్యవర్తి ఎదురెదురు పక్కల సరాసరి తీసి, 45 ఇంటూ 65, మొత్తం 325 గజాలని తేల్చాడు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఆ లెక్క తప్పంటాడు. ఎంత తప్పో చెప్పరా అంటే చెప్పలేకపోతున్నాడు. ఊళ్ళో అందరూ ఇలాగే కొలుస్తారు మేడమ్. ఎవరిది ఒప్పు?
ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీ అబ్బాయిదే ఒప్పండీ. ఎంత తప్పో చెప్పలేకపోవడంలో అతని తప్పు కూడా ఏమీ లేదు. మీరు ఇచ్చిన నాలుగు అంకెలతో ఆ స్థలం ఎన్ని గజాలో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఎందుకో చూడండి. మూడు పుల్లలు తీసుకుని చివర్లు కట్టేస్తే త్రిభుజం బిగుసుకుపోతుంది, ఎటు లాగినా కదలదు. దీన్నే బడిలో భు.భు.భు. నియమం అంటాం. మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం తెలిసిపోయినట్టే. అదే నాలుగు పుల్లలు కట్టి చూడండి, పక్కకు నెడితే వాలిపోతుంది. పుల్లల పొడవు మారలేదు, లోపలి జాగా మాత్రం తగ్గిపోయింది. ఇనప గేటు చేసేవాళ్ళు ఐమూలగా ఒక పట్టీ వేసి వెల్డింగ్ చేసేది అందుకే. ఆ పట్టీతో నాలుగు పక్కల చట్రం రెండు త్రిభుజాలు అవుతుంది, ఇక వాలదు.

మీ స్థలానికీ ఆ ఐమూల కొలతే కావాలి. 40 అడుగుల పక్క మొదలయ్యే మూల నుంచి 60 అడుగుల పక్క ముగిసే మూలకు టేపు లాగండి. అది 80 అడుగులు వచ్చిందనుకుందాం. ఇప్పుడు స్థలం రెండు త్రిభుజాలు: 40, 60, 80 ఒకటి, 50, 70, 80 ఇంకొకటి. మూడు భుజాల నుంచి వైశాల్యం కట్టే హెరాన్ సూత్రం హైస్కూల్లో అందరూ చదివిందే. అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ ఒకటో శతాబ్దం వాడు, ఆయన సూత్రం ఇప్పుడు మీకు పనికొస్తోంది. మొదటి త్రిభుజంలో భుజాల మొత్తంలో సగం 90. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 50, 30, 10. ఈ నాలుగూ గుణిస్తే 13,50,000. దాని వర్గమూలం సుమారు 1162 చదరపు అడుగులు. రెండో త్రిభుజంలో సగం 100. తీసివేతలు 50, 30, 20. గుణిస్తే 30,00,000, వర్గమూలం సుమారు 1732. రెండూ కలిపితే 2894. గజానికి తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి దాదాపు 321న్నర గజాలు. అంటే మధ్యవర్తి లెక్క మూడున్నర గజాలు ఎక్కువ. పోనీలే అనుకోవచ్చు.

కానీ ఐమూల 90 అడుగులు వస్తే? అవే పక్కలు, అదే టేపు, స్థలం మాత్రం 300 గజాలు కూడా ఉండదు. 65 అడుగులు వస్తే సుమారు 304 గజాలు. పాతిక గజాలంటే అర సెంటు పైచిలుకు. రోడ్డు పక్కన అర సెంటు ధర ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంకా తమాషా ఏమిటంటే, ఈ నాలుగు పక్కలతో ఎలా వంచినా 322 గజాలకు మించి రాదు. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడేలా స్థలం ఉంటేనే ఆ 322 కూడా వస్తుంది. అంటే మీ మధ్యవర్తి చెప్పిన 325 గజాల స్థలం ఈ భూమ్మీద ఎక్కడా లేదు! సరాసరి లెక్క దీర్ఘచతురస్రానికి మాత్రమే సరిపోతుంది. మిగతా అన్ని ఆకారాలకూ అది ఎక్కువే చూపిస్తుంది, ఒక్కసారి కూడా తక్కువ చూపించదు. కొనేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

ఊళ్ళో అందరూ ఇలాగే కొలుస్తారన్నారు, నిజమే. ఈ పద్ధతి మన ఊళ్ళలో పుట్టింది కాదు, చాలా పాతది. గణితవేత్త బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఈ సరాసరి లెక్క ఉంది. దాన్ని ఆయన స్థూలం అన్నాడు. దాని వెంటనే వర్గమూలంతో ఇంకో సూత్రం ఇచ్చి, ఇది సూక్ష్మం అన్నాడు. నేను పైన 322 కట్టింది ఆ సూక్ష్మ సూత్రంతోనే, కాకపోతే అది మూలలు వృత్తం మీద ఉన్న చతుర్భుజానికే నప్పుతుంది. పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటే స్థూలమని చెప్పేసిన లెక్క మీద మనం ఇంకా అడ్వాన్సులు ఇచ్చేస్తున్నాం.

మీరు చేయాల్సింది ఇదీ. ఐమూల కొలవండి. వీలైతే రెండో ఐమూల కూడా కొలిచి, దాంతో విడిగా లెక్క కట్టండి. రెండు జవాబులూ దగ్గర దగ్గరగా వస్తే టేపు సరిగ్గా లాగినట్టు. రాకపోతే ఎక్కడో సడలింది, మళ్ళీ లాగండి. దస్తావేజులో ఎన్ని గజాలుందో కూడా చూసుకుని, లైసెన్సు ఉన్న సర్వేయరు చేత ఒకసారి కొలిపించుకున్నాకే డబ్బు మాట.

ప్రశ్న: జామెట్రీ బాక్సులో ఆ రెండు ప్లాస్టిక్ త్రిభుజాలు ఎందుకు ఇస్తారు? మా వాడి బాక్సులో కంపాస్ విరిగింది, డి పోయింది, ఇవి మాత్రం కొత్తగా అలాగే ఉన్నాయి.
గృహిణి, కరీంనగర్

జవాబు: అందరి ఇళ్ళలోనూ అంతేనమ్మా. వాటిని మూలమట్టాలంటారు, తాపీమేస్త్రి దగ్గర ఉండే ఇనప మూలమట్టానికి చిన్న తమ్ముళ్ళు. ఒకటి చతురస్రాన్ని ఐమూలగా కోస్తే వచ్చే సగం, దాని కోణాలు 45, 45, 90. రెండోది సమబాహు త్రిభుజాన్ని నిలువునా కోస్తే వచ్చే సగం, 30, 60, 90. రెండింటినీ పక్కపక్కన పెడితే 75, 105 డిగ్రీలు, ఒకదాని మీద ఒకటి పెడితే 15 డిగ్రీలు కోణమాని లేకుండానే వస్తాయి. స్కేలు ఆనించి మూలమట్టాన్ని జరుపుతూ గీతలు గీస్తే అన్నీ సమాంతర రేఖలే. సదృశ కోణాలు సమానమైతే రేఖలు సమాంతరం అన్న పాఠం చేత్తో చేసినట్టే.

మీ వాడు పదో తరగతికి వచ్చాక త్రికోణమితి పట్టిక బట్టీ పడతాడు. సైన్ 30 సగం, సైన్ 45 రూట్ రెండో వంతు అంటూ. ఆ పట్టికలో 30, 45, 60 వరసలన్నీ ఈ రెండు ముక్కల్లోనే ఉన్నాయి. 30-60 ముక్కలో అన్నిటికంటే పొడుగు అంచునూ పొట్టి అంచునూ స్కేలుతో కొలవమనండి. పొట్టిది పొడుగుదానిలో సగం ఉంటుంది. సైన్ 30 అంటే అదే.

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. పాప తొమ్మిదో తరగతి. ఇక్కడ ఏడాదంతా జామెట్రీ ఒక్కటే కోర్సు. ఆల్జీబ్రాలో ఎప్పుడూ ఏ గ్రేడు వచ్చేది, ఇప్పుడు ప్రూఫ్‌లు మొదలయ్యాక సీ దాకా పడిపోయింది. రోజూ ఏడుపు. నేను గుంటూరులో తెలుగు మీడియంలో చదివాను, వాళ్ళ పదాలు కూడా నాకు తెలియవు. ఏం నేర్పుతున్నారో, నేనెలా సాయం చేయాలో చెప్పండి.
ఒక అమ్మ, టెక్సాస్

జవాబు: ముందు మీరు కంగారు పడకండి. మనకు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో కొంచెం కొంచెంగా వచ్చే జామెట్రీని అక్కడ ఆల్జీబ్రా వన్‌కీ ఆల్జీబ్రా టూకీ మధ్య ఒకే ఏడాదిలో కూర్చి చెబుతారు. సమాంతర రేఖలు, త్రిభుజాలు, చతుర్భుజాలు, సరూపత, లంబకోణ త్రిభుజాలతో త్రికోణమితి, వృత్తాలు, ఘనపరిమాణాలు, నిరూపక జ్యామితి అన్నీ మీరు చదివినవే. టెక్సాస్ సిలబస్‌లో సంభావ్యత కూడా ఇందులోనే కలిపారు, అదొక్కటే కాస్త వింత. పాప ఎస్ఏఎస్ అంటే మీ భు.కో.భు., ఏఎస్ఏ అంటే కో.భు.కో. రెండు గడుల ప్రూఫ్ అంటే ఎడమ పక్క మాట, కుడి పక్క కారణం. మనం బ్రాకెట్లో ‘దత్తాంశం’, ‘ఉమ్మడి భుజం’, ‘ఏకాంతర కోణాలు’ అని రాసేవాళ్ళం చూడండి, దానికే వాళ్ళు ఒక గడి కేటాయించారు.

మీకు కొత్తగా అనిపించేది ఒకటుంది. రెండు పటాలు సర్వసమానం అంటే ఏమిటని అడిగితే మనం భుజాలు, కోణాలు సమానం అని మొదలుపెడతాం. అక్కడ చాలా స్కూళ్ళలో, ఒక పటాన్ని జరిపి, తిప్పి, బోర్లించి రెండోదాని మీద సరిగ్గా కూర్చోబెట్టగలిగితే సర్వసమానం అంటారు. పెద్దదో చిన్నదో చేసి కూర్చోబెట్టగలిగితే సరూపం. పారదర్శక కాగితం మీద త్రిభుజం గీసి టేబుల్ మీద జరిపి చూడండి, మీకూ సరదాగా ఉంటుంది.

ఇక పాప గ్రేడు సంగతి. ఆల్జీబ్రాలో దారి తెలుసు, జవాబు తెలియదు. ప్రూఫ్‌లో జవాబు ముందే ఇచ్చేస్తారు, దారి అడుగుతారు. ఇన్నాళ్ళూ పై లైను నుంచి కింది లైనుకు చకచకా దిగడం అలవాటైన పిల్లలే ఇక్కడ ఎక్కువ తడబడతారు. అందుకని పాపను చివరి లైను నుంచి వెనక్కి నడిపించండి. ‘ఈ రెండు భుజాలు సమానమని చెప్పాలంటే ముందు ఏం తెలియాలి?’ త్రిభుజాలు సర్వసమానమని. ‘దానికి ఏం కావాలి?’ మూడు సంగతులు. ‘అందులో ఇచ్చినవి ఎన్ని?’ రెండు. ‘మూడోది పటంలో ఎక్కడ దాక్కుంది?’ ఈ ప్రశ్నలు తెలుగులోనే అడగండి, ఆమె ఇంగ్లీషులో జవాబు చెప్పనీయండి. మీకు పదాలు రాకపోవడం ఒక రకంగా మంచిదే. మీకు అర్థమయ్యేలా ఆమె విడమరిచి చెప్పాల్సి వస్తుంది.

ఒక సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద ఈ పని చేయించండి. రెండు భుజాలు, ఒక కోణం సమానమైతే ఎప్పుడూ సర్వసమానమే అని పిల్లలు పొరబడుతుంటారు. కోణం ఆ రెండు భుజాల మధ్యే ఉండాలని ఎందుకంటారో చేత్తో చూస్తే ఇక మర్చిపోరు. అడ్డంగా ఒక గీత గీసి, దాని ఎడమ కొన దగ్గర 30 డిగ్రీల కోణం వేయమనండి. ఆ వాలు గీత మీద 10 సెంటీమీటర్ల దగ్గర ఒక చుక్క. ఆ చుక్క దగ్గర కంపాస్ ముల్లు గుచ్చి, 6 సెంటీమీటర్లు తెరిచి చాపం గీస్తే అది కింది గీతను రెండు చోట్ల కోస్తుంది. అంటే అవే 10, 6, అదే 30 డిగ్రీలతో రెండు వేర్వేరు త్రిభుజాలు! అదే కంపాస్‌ను 5 సెంటీమీటర్లే తెరిస్తే చాపం గీతను ఒక్క చోట తాకి వదిలేస్తుంది, లంబకోణ త్రిభుజం వస్తుంది. 4 అయితే గీతను అందుకోదు, త్రిభుజమే లేదు. లంబకోణం ఉన్నప్పుడు మాత్రం భుజం, కర్ణం చాలన్న లం.క.భు. నియమం ఎందుకు చెల్లుతుందో పాపే చెబుతుంది, చూడండి.

అమెరికాలో కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్ష గురించి కూడా అడుగుతారని తెలుసు. ఇప్పటి డిజిటల్ శాట్‌లో 44 లెక్కల ప్రశ్నల్లో జామెట్రీ, త్రికోణమితి నుంచి వచ్చేవి ఐదు నుంచి ఏడు. ముఖ్యమైన సూత్రాలు తెర మీదే ఇస్తారు. కాబట్టి శాట్ కోసమని ఇప్పటి నుంచే ట్యూషన్లు వద్దు.

ప్రశ్న: ఇంటికి ముగ్గు పోయిస్తున్నాం. 20 ఇంటూ 30 అడుగులు. మేస్త్రి 3-4-5 అని ఏదో కొలిచి మూల సరిపోయిందన్నాడు. నమ్మొచ్చా?
ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నమ్మొచ్చు. ఒక పక్క 3, ఇంకో పక్క 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, గుర్తుల మధ్య 5 అడుగులు వస్తే ఆ మూల లంబకోణమే. అది పైథాగరస్ సిద్ధాంతం కాదు, దాని విపర్యయం, రెండూ వేరు. కాకపోతే 5 అడుగుల దగ్గర చిన్న తేడా ఉంటే 30 అడుగుల దూరంలో అది పెద్దదవుతుంది. కాబట్టి 9-12-15 కొలవమనండి. చివరికి రెండు ఐమూలలూ మీరే కొలవండి. ఎదురెదురు పక్కలు సమానంగా ఉండి, రెండు ఐమూలలూ 36 అడుగుల మీద ముప్పావు అంగుళానికి కాస్త తక్కువగా వస్తే దిగులు లేదు. ఐమూలలు సమానంగా ఉన్నంత మాత్రాన చాలదు. పైన ఇరుకు, కింద వెడల్పుగా ఉండే సమద్విబాహు ట్రెపీజియంలోనూ అవి సమానమే. పక్కలు కూడా చూసుకోండి.

ప్రశ్న: యూక్లిడ్ ఐదో స్వీకృతం గురించి అంత గొడవ ఎందుకు టీచర్? ఒక రేఖకు బయటున్న బిందువు గుండా ఒకే ఒక్క సమాంతర రేఖ గీయగలం అంటే ఎవరికైనా తెలిసేదేగా?
తొమ్మిదో తరగతి విద్యార్థి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: స్వీకృతం అంటే నిరూపించకుండా ఒప్పుకునే మాట. అంత తేలిగ్గా తెలిసేదైతే మిగతా నాలుగు స్వీకృతాల నుంచి దాన్ని నిరూపించేసేవాళ్ళు నాన్నా. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసినప్పటి నుంచి రెండు వేల ఏళ్ళు ప్రయత్నించారు, ఎవరి వల్లా కాలేదు. 1829లో రష్యాలో లొబచేవ్‌స్కీ, 1832లో హంగరీలో బొల్యాయ్ ఆ స్వీకృతాన్ని పక్కన పెట్టి, ఒక్క బిందువు గుండా బోలెడన్ని సమాంతర రేఖలు ఉండే జ్యామితిని విడివిడిగా ప్రచురించారు. అందులో త్రిభుజం కోణాల మొత్తం 180 కంటే తక్కువ.

ఎక్కువ వచ్చే చోటు చూడాలంటే మీ బడిలోని గ్లోబు చాలు. ఉత్తర ధ్రువం నుంచి గ్రీనిచ్ మీదుగా భూమధ్యరేఖ దాకా ఒక దారం, ఢాకాకు దగ్గరగా పోయే 90 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఇంకో దారం, భూమధ్యరేఖ మీద మూడోది బిగించి పట్టుకో. మూడు మూలల్లోనూ లంబకోణాలే, మొత్తం 270. మీ ఊరు, పక్క ఊరు, మండల కేంద్రం కలిపి త్రిభుజం వేస్తే మాత్రం 180కీ దానికీ తేడా ఏ సర్వేయరు పరికరానికీ అందనంత చిన్నది. అందుకే మీ పుస్తకంలో 180 అని ధైర్యంగా రాశారు.

వచ్చే నెల క్షేత్రమితి. శంకువు, గోళం మీద సందేహాలుంటే పటం గీసి పంపండి. స్థలాల గురించి రాసేవాళ్ళు దయచేసి ఐమూల కొలత లేకుండా ఉత్తరం రాయొద్దు.